అరవై మీటర్ల వైరు

వైరు కనిపిస్తే రోజారాణి చేతులు ఊరుకోవు. చర్చిలో మైకు వైరు నేలమీద మెలికలు పడి ఉంటే పాట అయ్యేదాకా కూడా ఆగదు. పాడుతూనే వంగి, దాన్ని చుట్టలుగా చుట్టి గోడవారకు పెట్టేస్తుంది. పెండ్లికి పోతే షామియానా వాళ్ళ వైర్లు సర్దుతుంది. కండ్లకోయలో కాలేజీ బస్సు నడిపే ఆమె భర్త ఫిలిప్‌కు ఇదొక వేళాకోళం.

"నన్ను గూడ ఎప్పుడో చుట్టి అటక మీద వెడ్తవే నువ్వు."

"పెట్టేదాన్నే. పొట్ట అడ్డమొస్తాంది" అంటుంది ఆమె.

ఇరవై రెండేళ్ళుగా రోజారాణి మోటర్లకు వైండింగు కడుతోంది. కాలిన బోరు మోటరు విప్పి, మాడిన రాగితీగ పీకేసి, కొత్త తీగను లెక్కబెట్టి చుట్టి, ఒకదాని మీద ఇంకొకటి ఎక్కకుండా గాడుల్లో కూర్చి, వార్నిష్ పట్టించి మళ్ళీ తిరిగేలా చేస్తుంది. పంతొమ్మిదేళ్ళ వయసులో అల్వాల్‌లో ఒక షాపులో చేరింది. ఆడపిల్లల వేళ్ళు సన్నగా ఉంటాయని చేర్చుకున్నారు. కూలి అంతకన్నా సన్నగా ఇచ్చారు. ఇప్పుడు అలియాబాద్‌లో కరీంనగర్ రోడ్డు మీద ఆమెకు సొంత షట్టరు ఉంది. అయినా కొత్తగా వచ్చినవాళ్ళు లోపలికి తొంగిచూసి "మేస్త్రి లేడా అమ్మా?" అని అడుగుతారు. "ఉన్నడు. చీర కట్టుకొని ఉన్నడు. మోటర్ దించు" అంటుంది.

నిరుడు వేసవిలో శామీర్‌పేట పక్కన పెద్ద టవర్లు కడుతున్న ఒక సైటు నుంచి ఆమెకు ఫోను వచ్చింది. బురదనీళ్ళు తోడే పంపు కాలిపోయింది. మోటరు కట్టి, బిగించడానికి తనే వెళ్ళింది. పంపు ఉన్న రేకుల గదిలో, స్టార్టరు పెట్టె కింద, ఖాళీ సిమెంటు సంచులు పరిచి ఆరు నెలల పసిపిల్లను పడుకోబెట్టి ఉన్నారు. పక్కనే మూడేళ్ళ పిల్లవాడిని చీర పేలికతో ఇనుప చువ్వకు కట్టేశారు. రోజారాణి మోటరు కింద పెట్టి కేకేసింది.

"ఎవల పిల్లలు వీళ్ళు?"

ఇటుకల తట్ట దించి ఒకామె పరుగెత్తుకొచ్చింది. ఆమె పేరు ముత్తమ్మ. భర్త పరమేష్‌తో, అత్తతో పాలమూరు నుంచి పనికొచ్చింది.

"నాయే అక్కా. ఎండల పండవెట్టలేను గద. ఈడ నీడున్నది."

"నీడున్నది. నాలుగొందల వోల్టుల కరెంటు గూడ ఉన్నది. పెద్దోన్ని గట్లెందుకు కట్టేసినవ్?"

"ఇడిస్తె లిఫ్టు గుంతల వడ్తడు. మొన్న ఒడిశావోళ్ళ పొల్ల గట్లనే వడి చెయ్యి ఇరగ్గొట్టుకున్నది. కట్టేస్తె ఏడుస్తడు గని బతికుంటడు."

రోజారాణి మోటరు బిగించి, తిన్నగా కూలీల మేస్త్రి పర్వతాలు దగ్గరికి పోయింది. మేడ్చల్‌లో కార్మిక సంఘం మీటింగులకు మైకు సెట్టు బాగుచేయడానికి పోయి పోయి ఆమెకు చట్టాలు కూడా కొన్ని ఒంటబట్టాయి.

"యాభై మంది ఆడకూలీలు దాటితె పిల్లలకు గది ఇయ్యాలెనని కానూను ఉన్నది. తెల్సా నీకు?"

"తెలువకేం రోజమ్మా. దాటితె గద! మా కాడ ముప్పై ఒక్కరే. రిజిస్టర్ జూపియ్యాల్నా?"

"ఈ లిఫ్టు కాడనే నాకు నలభై మంది కనవడుతున్రు."

"నీకు కనవడ్డోళ్ళందరు రిజిస్టర్ల ఉండరు తియ్" అని పర్వతాలు నవ్వాడు.

అతను అబద్ధం చెప్పలేదు. పాలమూరు నుంచి కూలీలను తెచ్చే పద్ధతే అలాంటిది. మేస్త్రి మొగుడూ పెండ్లాలను కలిపి ఒక జోడిగా మాట్లాడుకుంటాడు. రిజిస్టర్లో మొగుడి పేరు ఒక్కటే ఉంటుంది, దాని పక్కన "జోడి" అన్న ముక్క ఉంటుంది. మొగుడు లేకుండా ఒంటరిగా వచ్చిన ఆడవాళ్ళ పేర్లే విడిగా ఎక్కుతాయి. ముత్తమ్మ పొద్దున ఎనిమిది నుంచి సాయంత్రం ఆరు దాకా తొమ్మిదంతస్తుల ఎత్తుకు ఇటుక మోస్తుంది. కాగితం మీద ఆమె "పరమేష్ జోడి". కాగితం మీద లేని మనిషికి పసిపిల్ల ఉండదు, ఆ పిల్లకు గది అక్కర్లేదు. హైదరాబాదుకు ఉత్తరాన ఆకాశానికి లేస్తున్న ఈ టవర్లలో ఇలా లెక్కకు రాకుండా మోస్తున్న ఆడవాళ్ళు ఎంతమందో ఎవరూ లెక్కవేయలేదు. లెక్కవేస్తే గదులు కట్టాలి కాబట్టి.

గది రాదని తేలిపోయాక రోజారాణి ఇంకోదారి వెతికింది. చెరువు దగ్గర క్యాంపింగు వ్యాపారం పెట్టి చాలించుకున్న ఒకాయన ఆవరణలో, కారు వెనక తగిలించి లాక్కుపోయే చక్రాల ఇల్లు ఒకటి తుప్పు పడుతోంది. ఆయన మోటర్లన్నీ ఆమే కట్టింది. అడిగితే "తీస్కపో అమ్మా, జాగన్న ఖాళీ అయితది" అన్నాడు. ఒక ఆదివారం ఫిలిప్ దోస్తు బొలేరో అడిగి దాన్ని సైటుకు లాక్కొచ్చాడు. సైటు సేఫ్టీ ఆఫీసరు మధుసూదన్ చుట్టూ తిరిగి చూసి, గేటు లోపల పెట్టుకోవడానికి ఒప్పుకున్నాడు గానీ ఒక షరతు పెట్టాడు.

"ఒక్క ప్రమాదం జరిగినా బండి గేటు బయటికి పోవాలి. మళ్ళీ నన్ను అడగొద్దు."

గేటు లోపలనా, బయటనా అన్నది ఆ తల్లులకు చిన్న సంగతి కాదు. పాలివ్వడానికి మేస్త్రి ఇచ్చేది పది నిమిషాలు. లోపలుంటే తట్ట దించి, పాలిచ్చి, మళ్ళీ తట్ట ఎత్తుకోవచ్చు. బయటుంటే గేటు దగ్గర చిట్టీ రాయించుకొని, సంచి చూపించి, సర్వీసు రోడ్డు దాటేసరికే ఆ పది నిమిషాలు అయిపోతాయి. బండి బయటికి పోయిందంటే పిల్లలు మళ్ళీ సిమెంటు సంచుల మీదికి పోయినట్టే.

అందరూ దాన్ని డబ్బాబండి అన్నారు. పొడవు పన్నెండడుగులు, వెడల్పు ఆరున్నర. ఇద్దరు మనుషులు శనివారం సాయంత్రం చెరువుగట్టున కూర్చొని కాఫీ తాగడానికి చేసిన బండి. అందులో పధ్నాలుగు మంది పిల్లలను పట్టించాలి. రోజారాణి మడత మంచం పీకేసింది, తినే బల్ల పీకేసింది. పైకప్పు కమ్ములకు నాలుగు చీర ఉయ్యాలలు కట్టింది. రెండు వైపులా కూర్చునే బెంచీల కింద మూతలున్న పెట్టెలు ఉన్నాయి. ఒకదాన్లో బొంతలు, ఒకదాన్లో పళ్ళేలు, బియ్యం, పప్పు. ఆమె ఒక్కటే నియమం పెట్టింది: నోట్లో పెట్టుకోకూడని వస్తువు ఏదీ మోకాలి ఎత్తుకు కింద ఉండకూడదు. సబ్బు, మందులు, కత్తి, అగ్గిపెట్టె అన్నీ పై అరల్లోకి ఎక్కాయి.

పిల్లలను చూసుకునే పని ముత్తమ్మ అత్త గంగమ్మది. ఆమెకు ఈ నియమం అస్సలు నచ్చలేదు.

"నా ఆకువక్కల సంచి గూడ పైనే వెడ్తివి. నాకందదు గద బిడ్డా!"

"పిల్లలకు గూడ అందదు గద అవ్వా."

"గంటకోసారి ఎవన్నన్న పిల్వాల్నా నేను?"

"గంటకోసారి నమిలేది తగ్గుతది. నీ పండ్లకే మంచిది."

"పండ్లున్నయా నాకు?" అని గంగమ్మ నోరు తెరిచి చూపించింది. పిల్లలంతా పోటీపడి తొంగిచూశారు.

జాగా సంగతి తేలింది గానీ కరెంటు సంగతి తేలలేదు. బండికి పాయింటు ఇచ్చే బోర్డు రెండో టవరు మూలన ఒక్కటే ఉంది. స్లాబు పనిని బట్టి బండిని పదిహేను రోజులకోసారి జరపాలి. ఒకసారి బోర్డుకు ఇరవై మీటర్ల దూరంలో ఉంటుంది, ఇంకోసారి అరవై. ముక్కలు జోడించి టేపు చుడితే బురదలో ప్రాణం తీస్తుందని ఆమెకు తెలుసు. అందుకే అతుకు లేని అరవై మీటర్ల వైరు ఒకటే తెచ్చింది, ఎర్తుతో సహా. బండి దగ్గరున్నప్పుడు మిగిలిన వైరు బండి వెనక నేలమీద వదులుగా పడి ఉండేది. చూడ్డానికి గలీజుగా ఉండేది. ఆమె చేతులు దురద పెట్టేవి. కానీ పిల్లల పనిలో పడి దాని జోలికి పోలేదు.

ఆరు నెలలు అలాగే గడిచాయి.

పోయిన నెలలో ఒక శనివారం మధుసూదన్ వచ్చి చెప్పాడు: "సోమవారం మా పెద్దాఫీసు నుంచి తనిఖీకి సారు వస్తున్నరు. మీ బండి వెనక ఆ వైరు చూస్తే ఊరుకోడు. నేలమీద వదులు వైరు కనపడితే బండి బయటికే అంటడు. ఏం చేస్తరో చెయ్యండి."

ఆమెకు అంతకన్నా చెప్పక్కర్లేదు. ఆదివారం చర్చి అయ్యాక నేరుగా సైటుకొచ్చింది. బోర్డుకు, బండికి మధ్య ఇరవై మీటర్లు కర్రల మీదుగా ఎత్తున లాగింది. మిగిలిన నలభై మీటర్లను చెక్క రీలుకు చుట్టింది. ఎంత అందంగా చుట్టిందంటే, వరస మీద వరస, సందు లేకుండా, మోటరు గాడిలో తీగ కూర్చినట్టే. ఆ రీలును బెంచీ కింద బొంతల పెట్టెలో దించి, కదలకుండా చుట్టూ బొంతలు కుక్కి, మూత వేసి, గడియ పెట్టింది. పిల్లలకు అందదు. తనిఖీ సారుకు కనపడదు. జాగా కూడా కలిసొచ్చింది. ఆ పనికి తనే మురిసిపోయింది.

సోమవారం పది గంటలకు పెద్దాఫీసు సారు వచ్చాడు. బండిలో తల పెట్టి చూశాడు. ఉయ్యాలలు, వరసగా పళ్ళేలు, నేలమీద ఒక్క తీగ లేదు. "నీట్‌గా ఉందమ్మా" అని మధుసూదన్ పట్టుకున్న కాగితం మీద సంతకం పెట్టి మూడో టవరు వైపు పోయాడు.

పదిముప్పావుకు గంగమ్మ కిచిడీకి కరెంటు కుక్కరు పెట్టింది. పాలు కలపడానికి కెటిల్లో నీళ్ళు పెట్టింది. రెండు ఫ్యాన్లు తిరుగుతున్నాయి. షట్టరుకు పోదామని సంచి భుజాన వేసుకున్న రోజారాణి గుమ్మంలో ఆగిపోయింది. ఆ వాసన ఆమెకు ఇరవై రెండేళ్ళుగా తెలుసు. కిచిడీ వాసన మధ్యలోంచి, మసాలా మధ్యలోంచి, మాడుతున్న వైరు వాసన.

"అవ్వా, పిల్లల్ని దించు! జల్దీ!"

మెయిన్ స్విచ్చి కొట్టేసింది. ఉయ్యాలల్లోంచి ఇద్దరినిద్దరిని చంకనేసుకొని బయట ఇసుక మీద కూర్చోబెట్టింది. గంగమ్మ పెద్దపిల్లలను గొర్రెపిల్లల్లా తోలింది. పధ్నాలుగు తలలు లెక్కపెట్టుకున్నాకే రోజారాణి లోపలికి పోయి పెట్టె మూత తీసింది. పొగ మొహానికి కొట్టింది. రీలు లోపలి వరసలు కరిగి ముద్దయ్యాయి. ఒక బొంత నల్లబడి అంచున ఎర్రగా రాజుకుంటోంది. దాన్ని ఈడ్చి బయటపారేసి నీళ్ళు పోసింది.

లోడెక్కువైతే కరెంటును ఆపే ఎంసీబీ పడలేదు. అది పడేంత లోడు కాదు. వైరు పరుచుకొని ఉంటే ఆ లోడుకు గోరువెచ్చన కూడా అయ్యేది కాదు. నలభై మీటర్ల వైరును బిగించి చుట్టి, మూసిన పెట్టెలో, బొంతల మధ్య పెడితే వేడి ఎటుపోతుంది? షట్టరుకు వచ్చిన ప్రతి రైతుకూ "మోటరుకు గాలి ఆడాలె, సంచులు కప్పకు" అని చెప్పే మనిషి తను. వరసలు కుదిరాయా లేదా అని చూసుకుందే తప్ప వేడి సంగతి తలుచుకోలేదు. చుట్టడం ఆమెకు విద్య. ఆ విద్యే పధ్నాలుగు మంది పసిపిల్లల కింద నిప్పు పెట్టింది.

పాలిచ్చే వేళ కావడంతో తల్లులు అప్పుడే దిగుతున్నారు. పొగ చూసి పరుగు మొదలుపెట్టారు. వాళ్ళ వెనక మిగతా ఆడవాళ్ళు కూడా. ముత్తమ్మ పిల్లను గుండెకు హత్తుకొని, వేళ్ళు, కాళ్ళు తడిమి చూసుకుంటోంది. పర్వతాలు కూడా వచ్చి పెట్టెలోకి తొంగిచూశాడు.

"ఏం గాలే గద? బొంత గాలింది, పారెయ్. సంతకం గూడ అయ్యింది. నోరు మూస్కుంటె అయిపాయె. సారు ఇంక మూడో టవర్ల ఉన్నడు, జెర నిమ్మలంగ మాట్లాడున్రి."

రోజారాణి అతన్ని పట్టించుకోలేదు. ఆమెను పట్టి ఆపింది గంగమ్మ. ముసలామె ఆమె రెండు చేతులూ పట్టుకుంది.

"నీకు దండం వెడ్త బిడ్డా, చెప్పకు. బండి బయటికి వోతె పిల్లగాండ్లు మల్ల గా పంపు రూముల పండాలె. ఎవలు జూడలే. ఎవలకెర్క?"

"నాకెర్క గద అవ్వా."

"నువ్వు మల్ల చుట్టవు గద!"

"నేనైతె చుట్టను. మీ రేకుల రూములల్ల చుట్టిన రీళ్ళెన్ని ఉన్నయ్ జెప్పు? మంచాల కింద వెట్టి హీటర్లు పెడ్తున్రు, కుక్కర్లు పెడ్తున్రు. ఇది జెప్పకుంటె రేపు ఏ రూమో గాలుతది. ఆడ మెయిన్ కొట్టేటందుకు నేనుండ."

గంగమ్మ చేతులు వదిలేసింది. ముత్తమ్మ పిల్లను భుజానికెత్తుకొని "నడు అక్కా, నేనొస్త" అంది.

సేఫ్టీ ఆఫీసు కంటైనరులో మధుసూదన్ టీ తాగుతున్నాడు. రోజారాణి కరిగిన రీలును బల్లమీద పెట్టింది. అతను టీ గ్లాసు పక్కకు జరిపాడు.

"అమ్మా, సారు ఇప్పుడే సంతకం పెట్టి పోయిండు."

"అందుకే ఇప్పుడే చెప్తున్న. ఎక్కడ రాయాలె?"

జరగబోయి తప్పిన ప్రమాదాలను రాయడానికి ప్రతి సైటులో ఒక రిజిస్టరు ఉంటుంది. మధుసూదన్ కాసేపు ఆమెను, కాసేపు రీలును చూశాడు. తర్వాత రిజిస్టరు తీసి ఆమె ముందుకు జరిపాడు. ఆమె నిలబడే రాసింది.

ఏం జరిగింది అన్నచోట ఉన్నదున్నట్టు రాసింది. కారణం అన్నచోట రాసింది: "తప్పు నాది. వాడుతున్న వైరును చుట్టి మూసిన పెట్టెలో పెట్టాను." కలం ఎత్తలేదు, కింద ఇంకో వాక్యం రాసింది: "అంత పొడుగు వైరు ఎందుకంటే దగ్గర్లో పాయింటు లేదు. బండి ఎందుకంటే పిల్లలకు గది లేదు." తర్వాతి గడి, ప్రమాదానికి గురికాబోయినవాళ్ళ పేర్లు, వాళ్ళు ఎవరి కింద పనిచేస్తున్నారు. పిల్లలు ఎవరి కిందా పనిచేయరు కాబట్టి తల్లుల పేర్లు రాయాలి.

"నీ పేరు జెప్పు ముత్తమ్మా, ఇంటిపేరుతోటి."

"బోయిని ముత్తమ్మ."

వెనకాలే వచ్చిన పర్వతాలు గుమ్మంలోంచి అరిచాడు.

"ఆడోళ్ళ పేర్లు ఎందుకు రాస్తున్నవ్? మొగోళ్ళ పేర్లు రాయ్. పరమేష్ జోడి అని రాయ్."

"మొగోళ్ళు పాలిస్తున్రా?"

"మేస్త్రిని నేను! నా కూలోళ్ళు వీళ్ళు. పేరు రాయించుకున్నోళ్ళను రేపు పనికి రానియ్య, చెప్తున్న."

ముత్తమ్మ వెనక్కి తిరిగింది. చంకలో పిల్ల ఉంది, తలమీద తట్ట మోసే చుట్టకుదురు ఇంకా అలాగే ఉంది.

"మేస్త్రీ, మా బర్రెకు గూడ పేరున్నది. పేరు వెట్టి పిలుస్తెనే వస్తది. మూడేండ్ల సంది నన్ను నువ్వు జోడి అంటున్నవ్. నా పిల్లలు గాలిపోతుండె. ఇయ్యాల గూడ నేను లేనట్టేనా? రాయ్ అక్కా."

పర్వతాలు మధుసూదన్ వైపు తిరిగాడు. "సార్, ఆ కాయితం చింపి కొత్తగ రాపియ్యున్రి. లేకుంటె నాకు మస్తు పరేషాన్."

మధుసూదన్ రిజిస్టరు మూల చూపించాడు. "పేజీలకు నెంబర్లున్నయి పర్వతాలూ. చింపితే నా ఉద్యోగం పోతది. ఇంకోటి, ఇందులో రాసింది ఏడు రోజులల్ల సరిచేసి సంతకం పెట్టాలె. లేకుంటే పై ఆఫీసుకు నేనే జవాబు చెప్పాలె."

ఆ తల్లుల్లో పర్వతాలు రిజిస్టర్లో పేరున్నవాళ్ళు ముగ్గురే. ఆ తర్వాతి గడి సాక్షులది. రోజారాణి తలెత్తి, కంటైనరు ముందు నిలబడ్డ ఆడవాళ్ళను చూసింది.

"పొగ జూసి ఉరికొచ్చినోళ్ళెవరు?"

మొదట ఎవరూ కదల్లేదు. పర్వతాలు చేతులు కట్టుకొని ఒక్కొక్కరి మొహం చూస్తున్నాడు, గుర్తుపెట్టుకుంటానన్నట్టు. సగం మంది చూపులు నేలమీదే ఉన్నాయి. రేపు పని లేకపోతే సొంతూరికి బండెక్కాల్సిన వాళ్ళు అందరూ. అప్పుడు ఒడిశా నుంచి వచ్చిన ఒకామె, చెయ్యి విరిగిన పిల్ల తల్లి, ముందుకొచ్చి వచ్చీరాని తెలుగులో హిందీ కలిపి "నా పేరు లిఖో, నా పేరు రాయ్" అంది. "కొనగల బాలకిష్టమ్మ" అని తన పేరు చెప్పింది ఇంకొకామె. తర్వాత వరస కట్టింది. గంట సేపు లిఫ్టు ఎక్కలేదు, తట్ట లేవలేదు. సాక్షుల గడి నిండిపోతే మధుసూదన్ తర్వాతి నెంబరు పేజీలో కూడా గడులు గీశాడు. తల్లులతో కలిపి యాభై ఎనిమిది పేర్లయ్యాయి.

మధుసూదన్ తన షరతు మాత్రం సడలించలేదు. సాయంత్రానికి బండి గేటు బయట ఉండాలన్నాడు. రోజారాణి బతిమాలలేదు. ఫిలిప్ కాలేజీ బస్సు పెట్టేసి బొలేరో తెచ్చాడు. గేటు దాటి సర్వీసు రోడ్డు పక్కన బండి నిలిపాక, కాలిన పెట్టె మూత ఎత్తి చూశాడు.

"ఎందుకు జెప్పినవే?" అన్నాడు.

"వాసన నీకు రాలే. నాకొచ్చింది."

మరునాడు అతను బస్సు డ్యూటీకి ముందు వచ్చి, బండికి రోడ్డు వైపు వెదురు దడి కట్టిపోయాడు. కరెంటు లేదు. ఫ్యాన్లు లేవు. గంగమ్మ పొయ్యి మీద కిచిడీ వండి డబ్బాల్లో తెచ్చింది, దారి పొడుగునా తిట్టుకుంటూ. పధ్నాలుగు మంది పిల్లల్లో ఒక్కరు కూడా సిమెంటు సంచుల మీదికి పోలేదు. రోజారాణి తల్లులకు ఒకే మాట చెప్పింది.

"పాలిచ్చేందుకు మీరు బయటికొస్తరు. గేటు కాడ వాచ్‌మెన్ పుస్తకంల రాయమంటడు. మీ పేరే రాయున్రి. మొగని పేరు రాయొద్దు."

రోజుకు మూడుసార్లు, తల్లులందరూ. పోవడానికొకసారి, రావడానికొకసారి. గేటు దగ్గర వరస నిలబడేది. పది నిమిషాలు అరగంటయ్యేది. పర్వతాలు కేకలేసేవాడు, కానీ ఎవరినీ పనిలోంచి తీసేయలేదు. తీసేస్తే, నిన్నటిదాకా లేరన్నవాళ్ళను ఇవాళ ఎలా తీసేశావని అడుగుతారు. మూడోరోజుకు తొమ్మిదో అంతస్తులో ఇటుక అందక తాపీ మేస్త్రీలు ఖాళీగా కూర్చున్నారు. నాలుగో రోజు పెద్దాఫీసు సారు మళ్ళీ వచ్చాడు. ఈసారి బండి చూడలేదు. రోజారాణి రాసిన ప్రమాదాల రిజిస్టరు, పర్వతాలు రిజిస్టరు, వాచ్‌మెన్ పుస్తకం మూడూ బల్లమీద పక్కపక్కన పెట్టించుకున్నాడు.

"ఇందులో ముప్పై ఒక్కమంది. ఇందులో యాభై ఎనిమిది. ఏది నిజం?" అని పర్వతాలును అడిగాడు.

పర్వతాలు చెమట తుడుచుకున్నాడు. "సార్, జోడి లెక్క గట్లుంటది."

"ప్రమాదమైతే పేపరోళ్ళు జోడి లెక్క వెయ్యరు."

ఆయన మంచివాడై అన్నమాట కాదది. భయంతో అన్నాడు. ఆ భయమైనా, పేర్లు కాగితం మీదికి వచ్చాయి కాబట్టే వచ్చింది. ఆరో రోజు పొద్దున ఎలక్ట్రీషియన్లు రెండో టవరుకు, లిఫ్టుకు మధ్య స్తంభం పాతి కొత్త బోర్డు బిగించారు. సారు మాట మీద బండి గేటు లోపలికి, ఇక జరపనక్కర్లేని జాగాకు వచ్చింది. బోర్డు నుంచి బండికి ఎనిమిది మీటర్లు. రోజారాణి కొత్త వైరు కొలిచి, సరిగ్గా ఎనిమిది మీటర్లకు కోసింది. అదే వారం మధుసూదన్‌ను వెంటేసుకొని కూలీల రేకుల గదులన్నీ తిరిగింది. మంచాల కింద ఇరవై ఆరు రీళ్ళు దొరికాయి. ప్రతిదాన్నీ విప్పించి, పరిచించి, ఎందుకో చెప్పింది. ఒక్కచోట కూడా తన తప్పు దాచిపెట్టి చెప్పలేదు. "నేను గిట్లనే చుట్టి పిల్లల కింద వెట్టిన" అని మొదలుపెట్టేది. ఆ మాటకు వినేవాళ్ళ చేతులు వాటంతటవే రీలు మీదికి పోయేవి.

పర్వతాలు కొత్త రిజిస్టరు తెరిచాడు. పొద్దున గేటు దగ్గర హాజరు పిలవడం అతనికి ఇంకా అలవాటు కాలేదు. "కిష్టమ్మ" అంటే నలుగురు పలుకుతారు. "ఏ కిష్టమ్మ?" అని నలుగురూ ఒకేసారి అడుగుతారు. అతను తల గోక్కుంటాడు.

గది మాత్రం ఇంకా లేవలేదు. యాభై దాటారు, చట్టం ప్రకారం కట్టాలి, కడతామని రాసిచ్చారు. రాసిచ్చినంత మాత్రాన గోడ లేవదని రోజారాణికి తెలుసు. రోజూ పొద్దున షట్టరుకు పోయేముందు మధుసూదన్ కంటైనరు ముందు ఆగుతుంది. "గదికి ముగ్గు ఎప్పుడు పోస్తున్రు?" అని అడుగుతుంది. నిన్న అతను ప్లాను కాగితం పట్టుకొని బయటికొచ్చాడు.

"ఇదిగో, కాంపౌండు గోడ మూలన జాగా చూశారమ్మా. పెద్దదే. గాలి వెలుతురు ఉంటది."

రోజారాణి కాగితం చూసి, ముత్తమ్మను లిఫ్టు దగ్గర నిలబెట్టింది. "నడువు. తట్ట దించినవ్ అనుకొని గా మూలకు నడువు" అంది. ముత్తమ్మ నడిచింది. పోవడానికే మూడు నిమిషాలు పట్టింది.

"మూడు పోను, మూడు రాను. పాలిచ్చేందుకు నాలుగు నిమిషాలా సార్?"

"మరి ఎక్కడ కట్టమంటరు?"

ఆమె లిఫ్టుకు, స్తంభానికి మధ్య ఖాళీలోకి నడిచింది. అటు ఇటు చూసింది. నేలమీద పడి ఉన్న చువ్వముక్క ఒకటి తీసి, బలంగా గుచ్చింది.

"ఈడ. ముగ్గుకు సున్నం తెప్పియ్యున్రి, పోసేదాక మేము ఈడనే నిలవడ్తం."